అడుగు మాస్టారు

మా మాస్టారు ఎవరడిగిన ప్రశ్నకైనా తను జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎవరేం అడిగినా ఇంకెవరినో చూపించి, "వెళ్ళి ఆయన్ని అడుగు" అనేవారు. ఆయన యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరు. అంటే ప్రశ్నలకి జవాబులు చెప్పడానికే జీతం తీసుకునే మనిషి.

చేతికి వాచీ ఉండేది. టైమెంతయింది సార్ అంటే, ఆ వాచీ ఉన్న చేత్తోనే గేటు వైపు చూపించి, "వాచ్‌మన్‌ని అడుగు, ఆయన గడియారం కరెక్టుగా ఉంటుంది" అనేవారు. కొత్తగా చేరిన ఓ కుర్రాడు బాత్రూమ్ ఎటు సార్ అని అడిగితే, లైబ్రేరియన్‌ని అడగమన్నారట. లైబ్రరీ పక్క బిల్డింగులో, మేడ మీద. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మేమంతా నవ్వుతాం గాని, వాడు ఇప్పటికీ నవ్వడు.

అందుకే ఆయనకి అడుగు మాస్టారు అని పేరు పడిపోయింది. ఆఫీసు క్లర్కు కూడా కాగితాల మీద అసలు పేరు రాసేవాడే గాని, నోటితో మాత్రం "అడుగు మాస్టారొచ్చారా?" అనే అడిగేవాడు. మాస్టారికి ఈ సంగతి తెలుసా అంటే, ఏమో, ఎవరూ అడగలేదు. అడిగినా లాభం లేదు కదా.

ఇంట్లోనూ ఇదే వరస. మాస్టారి భార్యని మేం పిన్నిగారు అనేవాళ్ళం. మనిషి సరదా మనిషి. ఆవిడ చెప్పింది: "కిటికీలకి ఏ రంగు కర్టెన్లు వేద్దామండీ అంటే, పక్కింటావిణ్ణి అడుగు అన్నారమ్మా. మా ఇంటి కిటికీలకి పక్కింటావిడ సలహా ఏమిటని ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి అడిగాను. ఆవిడ కుట్టు మిషను ముందేసుకుని కూర్చుంది, తనే కుట్టి పెట్టింది. ఇంకేముంది, ఆ రోజు నుంచి మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య తలుపుకి గడియే లేదు."

"పెళ్ళికి ముందు కూడా ఇంతేనా పిన్నిగారూ?"

"అప్పుడు మాత్రం నయమా? నన్ను పెళ్ళి చేసుకుంటారా అని నేనే అడిగాను. మా అమ్మని అడుగు అన్నారు. వెళ్ళి అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, 'వాణ్ణి భరించగలవా తల్లీ' అని నన్నే అడిగింది."

ఇలాంటి మనిషి దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చెయ్యడానికి నేను కోరి చేరాను. దానికో కారణం ఉంది. నేను నోట్లో నాలుక లేని పిల్లని. అద్దె గది తలుపు తీసేముందు, వసారాలో ఎవరూ లేరని చెవి ఆనించి విని గాని బయటికొచ్చేదాన్ని కాదు. లెక్కలు తీసుకున్నది కూడా అందుకే. అంకెలు పలకరించవు, ఎలా ఉన్నావని అడగవు. మాస్టారు ఏమీ చెప్పరని అందరూ ఆయన దగ్గర చేరడానికి జంకుతుంటే, ఏమీ చెప్పకపోతే నేనూ ఏమీ మాట్లాడక్కర్లేదు, హాయి అనుకున్నాను. నా అంచనా ఎంత తలకిందులైందో చూడండి.

ఆయన విషయం గ్రాఫ్ థియరీ. పేరుకి భయపడకండి, అందులో ఉన్నవి చుక్కలూ గీతలూ. చుక్క అంటే ఏదైనా కావచ్చు: మనిషి, ఊరు, కంప్యూటరు. రెండు చుక్కలకి సంబంధం ఉంటే మధ్యలో గీత. అంతే సరంజామా. ఇక ఆ గీతల మీద ఎన్ని తలకాయలు బద్దలు కొట్టుకోవచ్చో దానికి అంతు లేదు.

నేను చేరిన కొత్తలో పైనుంచి తనిఖీ కమిటీ వచ్చింది. కోటు వేసుకున్న పెద్దాయన మాస్టారిని అడిగాడు, "మీ దగ్గర పిల్లలు చేసే పరిశోధన దేని గురించండీ?"

"ఈ అమ్మాయిని అడగండి" అన్నారు మాస్టారు.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. "చుక్కలండీ" అన్నాను.

"చుక్కలా?"

"గీతలు కూడా ఉంటాయండీ."

పెద్దాయన ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు మాత్రం, "రెండు వాక్యాలు చెప్పావు. రెండూ నిజాలే" అని, చాక్‌పీసు వెతుక్కుంటూ క్లాసుకి పోయారు.

నాకిచ్చిన పని ఇది. నూనెల్లో, గ్యాసుల్లో ఉండే కొన్ని అణువులున్నాయి. వాటిలో కార్బన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కార్బన్‌ని చుక్క చేసి, పట్టుని గీత చేస్తే, ఆ బొమ్మని చూసి ఆ పదార్థం ఏ వేడి దగ్గర మరుగుతుందో లెక్క కట్టొచ్చు. పొయ్యి వెలిగించక్కర్లేదు. నాలుగు చుక్కల్ని వరసగా నిలబెట్టి, ఏ రెండిటి మధ్య ఎన్ని గీతలు దాటాలో అన్నీ కూడితే పది వస్తుంది. అవే నాలుగింటిలో ఒకదాన్ని మధ్యలో పెట్టి, మిగతా మూడింటినీ దాని చుట్టూ నిలబెడితే తొమ్మిదే వస్తుంది. అసలు సంగతేమిటంటే, పది వచ్చింది తొమ్మిది వచ్చినదానికంటే ఎక్కువ వేడికి గాని మరగదు. కాగితం మీది కూడిక మాటని ఎక్కడో గిన్నెలో ఉన్న పదార్థం వినడం చూసి, మొదటిరోజు నాకు నిద్ర పట్టలేదు.

పెద్ద అణువులకి వచ్చేసరికి నా లెక్క గాడి తప్పింది. నేను గీసిన కొన్ని బొమ్మలకి ఏ పుస్తకంలోనూ జోడీ దొరకలేదు. కాగితాలు పట్టుకెళ్ళి మాస్టారి ముందు పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తీరిగ్గా చూసి, "బొమ్మలు బాగున్నాయి" అన్నారు.

"ఇవి పుస్తకాల్లో ఎందుకు లేవు సార్?"

"కెమిస్ట్రీ మేడమ్‌ని అడుగు. మనం లెక్కల వాళ్ళం, మనకేం తెలుస్తుంది."

కెమిస్ట్రీ మేడమ్‌ని మా యూనివర్సిటీలో యాసిడ్ మేడమ్ అనేవాళ్ళు. మాట పడితే బొబ్బ లేవాల్సిందే. ఎప్పుడు చూసినా ల్యాబు తలుపు మూసే ఉండేది. దాని ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. చివరికి అటుగా పోతున్న ల్యాబు అటెండరు, "ఏమ్మా, తలుపుకి కాపలా పెట్టారా నిన్ను?" అని, తనే తట్టేసి వెళ్ళిపోయాడు.

"ఎవరు నువ్వు?"

"లెక్కల డిపార్ట్‌మెంటు మేడమ్. మాస్టారు పంపారు."

"ఏ మాస్టారు?"

"అడుగు..." అని నాలిక కరుచుకున్నాను.

ఆవిడ కాగితాలు లాక్కుని చూసింది. "ఇదేమిటి?"

"అణువు మేడమ్."

"ఏ లోకంలో?"

ఆవిడ ఎర్ర పెన్ను తీసి ఒక చుక్క చుట్టూ సున్నా చుట్టింది.

"కార్బన్‌కి ఎన్ని చేతులు? నాలుగు. తలకిందులుగా తపస్సు చేసినా నాలుగే. నువ్వు దీనికి ఐదు పెట్టావు. ఐదో చెయ్యి ఎక్కణ్ణించి తెచ్చావు?"

"అక్కడ ఖాళీగా ఉంటే గీశాను మేడమ్."

"మీ మాస్టారు చూడలేదా ఇది?"

"చూశారు మేడమ్. బాగున్నాయి, మిమ్మల్ని అడగమన్నారు."

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కోపమో ఏమో అనుకున్నాను. కాసేపటికి ఇటు తిరిగి, "ఐదు చేతులవాళ్ళందరినీ తీసేసి రేపు రా" అంది. మర్నాడు వెళ్ళాను. ఇంకో సందేహం మిగిలింది. ఆ మర్నాడూ వెళ్ళాల్సొచ్చింది. పోనుపోను ఆవిడ నా కోసం స్టూలు ఒకటి గోడ పక్కన వేయించింది. బొబ్బలు లేవడం మాత్రం ఆగలేదు, కాకపోతే అలవాటైపోయాయి.

నాతోపాటు మాస్టారి దగ్గర ఇంకో కుర్రాడుండేవాడు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు, అందుకని టవర్ అనేవాళ్ళం. అతని పని కంప్యూటర్ నెట్‌వర్కు మీద. యూనివర్సిటీ కంప్యూటర్లన్నిటినీ చుక్కలు చేసి, ఏ చుక్క చచ్చిపోతే ఎంతమందికి ఇంటర్నెట్ ఆగిపోతుందో తేల్చాలి. తీగలు ఎటునుంచి ఎటు పోతున్నాయి సార్ అని అడిగితే, మాస్టారు అతన్ని నేలమాళిగలోకి పంపించారు. అక్కడ వైర్ల బాబాయి ఉండేవాడు. నెట్‌వర్కు మెకానిక్కు, ఎవరితోనూ పొత్తు లేని మనిషి. తన క్యారేజీ తను తెచ్చుకుని, ఆ చీకట్లోనే తిని, సాయంత్రం గోడవారగా ఇంటికి పోయేవాడు.

వాళ్ళిద్దరూ తీగ పట్టుకుని ఒక్కో గదీ తిరిగారు. తేలిందేమిటంటే, సగం యూనివర్సిటీ ఒకే ఒక్క పెట్టె మీద ఆధారపడి ఉంది. ఆ పెట్టె ఉన్నది క్యాంటీన్ వెనక సామాన్ల గదిలో. క్యాంటీన్ ఆయన మిక్సీ పెట్టుకోవడానికి దాని ప్లగ్గు పీకేవాడు. ఆయన జ్యూసు తీసినప్పుడల్లా మా ఇంటర్నెట్ పోయేది. ఏళ్ళ తరబడి అందరూ అది వాతావరణం వల్ల అనుకున్నారు.

"ఇప్పుడేం చెయ్యాలి సార్?" అన్నాడు టవర్.

"క్యాంటీన్ ఆయన్ని అడుగు."

క్యాంటీన్ ఆయన మహా నొచ్చుకుని, మిక్సీని గది మార్చి, బాబాయికీ టవర్‌కీ జ్యూసులిచ్చాడు. ఆ తర్వాత బాబాయి రోజూ క్యాంటీన్లోనే క్యారేజీ విప్పడం మొదలుపెట్టాడు. పక్కనుంచి ఇంకో తీగ లాగి, ఒక పెట్టె పోయినా రెండో దారిన పని జరిగేట్టు ఏర్పాటు చేశాడు.

ఇక మాస్టారి గదిలో మా ఇద్దరి అవస్థ చెప్పాలి. నాకు ప్రోగ్రామ్ రాయడం రాదు. "సార్, ఇదెలా రాయాలి?" అంటే "ఆ అబ్బాయిని అడుగు." అతనికి దూరాల లెక్క తెగదు. "సార్, ఇదెలా కూడాలి?" అంటే "ఆ అమ్మాయిని అడుగు." ఇద్దరం ఒకే బల్లకి అటొకరు ఇటొకరు. చేరిన కొత్తలో అతను కాగితం నావైపు జరిపేవాడు, నేను జవాబు రాసి తిరిగి జరిపేదాన్ని. ఓ రోజు అతనికే విసుగొచ్చి, "ఏమండీ, మీరు మాట్లాడగలరా అసలు?" అన్నాడు. "గలను" అన్నాను. ఆ సాయంత్రం పక్క బిల్డింగు నుంచి లైబ్రేరియన్ వచ్చి, కాస్త గొంతు తగ్గించమని ఇద్దరికీ చివాట్లు పెట్టేదాకా ఆ మాట ఆగలేదు.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, పరీక్షల ముందు ఓ పొద్దున్న మాస్టారు క్లాసులో బోర్డు మీద గీత గీస్తూ గీస్తూ కుప్పకూలిపోయారు. గుండె. ఆస్పత్రికి తీసుకెళ్ళిన వెంటనే ఆపరేషన్ అన్నారు. చాలా రోజులు మంచం దిగకూడదన్నారు, ఎవరూ వెళ్ళి మాట్లాడించకూడదన్నారు.

ఆ బెంగలో ఉండగానే డిపార్ట్‌మెంటు హెడ్డు మమ్మల్నిద్దర్నీ పిలిపించారు. ఆయన చెడ్డవాడేం కాదు, రూలు దాటాలంటే కాళ్ళు వణికే మనిషి. "గైడు లేకుండా మీ ప్రాజెక్టుని పరీక్షకి పెట్టడం కుదరదమ్మా. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు.

వచ్చే ఏడాదంటే నాకు లేనట్టే. వేరే యూనివర్సిటీలో పరిశోధనకి సీటొచ్చింది, ఈ ఏడు పట్టా చూపించకపోతే అది పోతుంది. మా ఇంట్లో నేను చదివిన చదువే ఎక్కువన్న మాట అప్పటికే నడుస్తోంది. ఇంటికి తిరిగెళ్తే మళ్ళీ పంపించరు. గది బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇదివరకైతే అక్కడే కూర్చుని ఏడ్చి, సామాను సర్దుకునేదాన్ని. కాని అప్పటికి నా కాళ్ళకి ఒక అలవాటు పట్టుకుంది. ఏదైనా తోచకపోతే లేచి ఎవరినో ఒకర్ని అడగడానికి పోవడం. తెలీకుండానే యాసిడ్ మేడమ్ ల్యాబు ముందు తేలాను.

మేడమ్ అంతా విని, చేతికున్న గ్లవ్స్ తీసి సింకులో పడేసి, "పద" అంది. దారిలో టవర్ ఎదురయ్యాడు, వాడూ అడగడానికే పోయాడట, వెనక వైర్ల బాబాయి, లైబ్రేరియన్. చిన్నసైజు ఊరేగింపులా హెడ్డు గదిలోకి వెళ్ళాం.

"గైడుగా నేను సంతకం పెడతాను" అంది మేడమ్.

"మీరు కెమిస్ట్రీ కదండీ" అన్నారు హెడ్డు.

"ఆయన కూడా కెమిస్ట్రీయే."

హెడ్డు చేతిలో పెన్ను ఆగింది.

"ఆయన మొదట చదివింది కెమిస్ట్రీ. అందులో పట్టా పుచ్చుకుని, తర్వాత లెక్కల్లోకి దూకాడు. చదువుకునే రోజుల్లో ల్యాబులో నాకు సీనియరు. కార్బన్‌కి నాలుగు చేతులని నాకు నేర్పిందే ఆయన" అని, మేడమ్ నావైపు తిరిగింది. "నీ ఐదు చేతుల బొమ్మ చూసి బాగుందన్నాడని చెప్పావే, ఆ రోజు నవ్వాపుకోలేక చచ్చాను."

తీగల పని దగ్గరుండి చూశానని వైర్ల బాబాయి సాక్ష్యం చెప్పాడు. ఇద్దరు గైడ్లు ఉండొచ్చు, రెండోవాళ్ళు వేరే డిపార్ట్‌మెంటైనా సరేనన్న పాత రూలు ఒకటి ఉందని లైబ్రేరియన్ ఆ పుస్తకం తెచ్చి, పేజీ తీసి బల్ల మీద పెట్టాడు. రూలు కళ్ళబడేసరికి హెడ్డు మొహం విప్పారింది. సంతకం పెట్టేశారు.

తిరిగొస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "తెలిసి కూడా మీ దగ్గరికి ఎందుకు పంపారు మేడమ్?"

మేడమ్ నడుస్తూనే చెప్పింది. "మా ఆయన పోయినప్పుడు అందరూ పలకరించడానికి వచ్చారు. కొన్నాళ్ళకి ఆగిపోయారు, ఎవరి పనులు వాళ్ళకుంటాయి. నేను ల్యాబు తలుపేసుకుని కూర్చునేదాన్ని. మీ మాస్టారు మాత్రం పలకరింపుకే రాలేదు. పిల్లల్ని పంపడం మొదలుపెట్టాడు. మొదటొచ్చినవాడు నీళ్ళు ఎందుకు మరుగుతాయి మేడమ్ అన్నాడు. ఎమ్మెస్సీ చదివేవాడు. తిట్టి పంపించాను. మర్నాడు ఇంకొకడు. తిట్టడానికైనా పొద్దున్నే లేచి తయారై రావాలి కదా. అలా తిడుతూ తిడుతూ మనుషుల్లో పడ్డాను."

పరీక్ష రోజు వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. అణువుకి కొమ్మలు ఎక్కువైతే మరిగే వేడి ఎందుకు తగ్గుతుందన్నాడు. ముద్దగా ముడుచుకున్న అణువులు పక్కవాటికి అంతగా అతుక్కోవని, సులువుగా విడిపోతాయని, మేడమ్ తిట్టిన తిట్లతో సహా గుర్తొచ్చి చెప్పాను. చివర్లో ఆయన ఉంగరాల్లా చుట్టుకున్న అణువుల గురించి ఒక ప్రశ్న వేశాడు. నిజంగా నాకు తెలీదు.

"తెలీదండీ. కాని ఎవర్ని అడగాలో తెలుసు" అన్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "మీ గైడు ఎవరన్నారు?" అని, జవాబు కోసం చూడకుండానే మార్కులేశాడు. టవర్ కూడా గట్టెక్కాడు. కాకపోతే బోర్డు దగ్గరికి వెళ్తూ ఫ్యానుకి తల కొట్టుకోబోయి, పరీక్షకొచ్చినాయన్నే ముందు హడలగొట్టాడు.

డాక్టరు సరేనన్నాక అందరం కలిసి మాస్టారిని చూడ్డానికి వెళ్ళాం. చిక్కిపోయారు. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. నేను మంచం పక్కన నిలబడి, "మీకు అన్నీ తెలుసట కదా సార్. ఒక్కటీ చెప్పలేదే?" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోగా పిన్నిగారు అందుకుంది. "నన్ను అడుగు, నేను చెప్తాను. ఓసారి నేనూ ఇదే అడిగి దెబ్బలాడాను. ఈయనేమో, 'నేను చెప్పేస్తే పిల్లలకి ఆ ఒక్క జవాబే వస్తుంది, వాళ్ళకి నేనొక్కణ్ణే తెలుస్తాను, రేపు నేను లేకపోతే వాళ్ళెక్కడికి పోతారు' అన్నారు. అది నాకప్పుడు చెవికెక్కలేదు. మొన్న ఈయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు ఎక్కింది. ఆ వసారాలో నేనొక్కదాన్నే కూర్చునుంటే పక్కింటావిడ వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, మీ మేడమ్ వచ్చింది. ఒకళ్ళనీ నేను పిలవలేదు."

మాస్టారు దుప్పటి అంచు సర్దుకుంటూ ఎటో చూశారు. ఆయన సిగ్గుపడటం చూడ్డం నాకదే మొదలు. నాకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "థాంక్యూ సార్" అని మాత్రం అనగలిగాను. ఆయన తలూపారు.

అంతలో టవర్ పరీక్షలో ఫ్యాను సంగతి ఎత్తాడు. మేడమ్ వాడికి నాలుగు తిట్లు తగిలించింది. వైర్ల బాబాయి పిన్నిగారితో ఆ వార్డులో తీగలు ఎంత అన్యాయంగా లాగారో చెప్పడం మొదలెట్టాడు. పక్కింటావిడ నా జాకెట్టుకి ఊడిన గుండీ చూసి, సంచిలోంచి సూదీ దారం తీసింది. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. నర్సు రెండుసార్లు వచ్చి కసిరి వెళ్ళింది.

చాలాసేపటికి పిన్నిగారే గమనించింది. మంచం దగ్గరికి జరిగి, "చూడండి, మిమ్మల్ని చూడ్డానికొచ్చి మీతో ఒక్కళ్ళూ మాట్లాడటం లేదు. మీకేమీ అనిపించడం లేదూ?" అంది.

మాస్టారు మమ్మల్నందర్నీ ఒకసారి చూశారు.

"బాగుంది" అన్నారు. అని, తలగడ సరిచేసుకుని, ఆ గోలలోనే ఓ కునుకు తీయడానికి కళ్ళు మూసుకున్నారు.